దర్యాప్తు సంస్థల సమన్వయం: ఆదేశించే అధికారమా, సమాచార కేంద్రమా, ఉమ్మడి బృందమా?

నేరముఠాలకు సరిహద్దులు అడ్డు కావడం లేదు. పోలీసు, కస్టమ్స్, పన్నుల విభాగాలు మాత్రం తమ తమ పరిధులు దాటలేవు. వీటిని ఒక తాటిపైకి తేవడానికి ప్రభుత్వాలు ప్రధానంగా మూడు పద్ధతులు అనుసరిస్తున్నాయి.

మొదటిది ఆదేశించే అధికారం గల కేంద్ర సంస్థ. బ్రిటన్‌లో 2013లో ఏర్పడిన నేషనల్ క్రైమ్ ఏజెన్సీ స్వయంగా దర్యాప్తు చేయడమే కాక, అవసరమైతే ఇంగ్లండ్, వేల్స్ పోలీసు దళాల అధిపతులకు ఫలానా పని చేపట్టాలని చట్టప్రకారం ఆదేశం ఇవ్వగలదు. కాగితం మీద ఇంతకంటే బలమైన ఏర్పాటు లేదు. అయితే ఆదేశం అందుకున్న దళం తన సిబ్బందినీ నిధులనూ మళ్లించుకోవాలి కనుక, ఈ అధికారాన్ని మాటిమాటికీ ప్రయోగిస్తే సహకారం మొక్కుబడిగా మారుతుంది.

రెండోది సమాచార కేంద్రం. యూరోపియన్ యూనియన్ దేశాల పోలీసు సహకార సంస్థ అయిన యూరోపోల్‌కు ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు. సభ్యదేశాలు పంపిన వివరాలను సరిపోల్చి, వేర్వేరు కేసుల మధ్య సంబంధాలను బయటపెట్టడం దాని పని. ఎవరి అధికారానికీ ఎసరు పెట్టదు కాబట్టి దీనికి దేశాలను ఒప్పించడం తేలిక. చిక్కల్లా వివరాలు రావడంలోనే ఉంది. ఇన్‌ఫార్మర్ ఎవరో బయటపడుతుందన్న భయం, కేసు ఛేదించిన పేరు పక్కవారికి దక్కుతుందన్న శంక (దీనిని ఎవరూ పైకి చెప్పరు) అసలైన సమాచారాన్ని అడ్డుకుంటాయి.

మూడోది ఉమ్మడి బృందం. న్యూయార్క్‌లో ఎఫ్‌బీఐ, నగర పోలీసులు 1980లోనే ఉగ్రవాద కేసుల కోసం ఇలా జతకట్టారు. 2020లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఉమ్మడి బృందం, యూరోపోల్, యూరోజస్ట్ (యూరోపియన్ యూనియన్ న్యాయ సహకార సంస్థ)ల తోడ్పాటుతో, నేరగాళ్లు రహస్య సందేశాలకు విరివిగా వాడిన ఎన్‌క్రోచాట్ ఫోన్ల వ్యవస్థను ఛేదించింది. ఇటువంటి బృందంలోని దేశాలు ప్రతి ఆధారానికీ విడివిడిగా న్యాయసహాయ అభ్యర్థనలు (ఆధారాలు కోరుతూ ఒక దేశం మరో దేశానికి పంపేవి) పంపుకోనక్కరలేదు. కేసు అందరిదీ కావడంతో దాచుకోవలసిన అవసరమూ తగ్గుతుంది.

అందువల్ల నిర్దిష్టమైన ముఠాపై దర్యాప్తుకు ఉమ్మడి బృందమే మేలని నా అభిప్రాయం. కేసు ముగిస్తే బృందమూ ముగుస్తుంది కాబట్టి, ఏ ముఠాపై బృందం అవసరమో గుర్తించడానికి శాశ్వత సమాచార కేంద్రం ఉండితీరాలి. ఆదేశాధికారాన్ని దళాలు మొండికేసిన చోటికే పరిమితం చేయాలి. విచారణ ఏ దేశంలో, ఆధారాల సేకరణ ఏ చట్టం కింద అన్నవి మాత్రం బృందం ఏర్పడిన రోజే తేల్చుకోవాలి. ఎందుకంటే, ఆధారాలుగా ఎన్‌క్రోచాట్ సందేశాల చెల్లుబాటును నిందితులు పలు దేశాల కోర్టుల్లో ఏళ్ల తరబడి సవాలు చేశారు.