జాగ్రత్త: అదే పేరు, అదే పెట్టె, లోపల వేరే అద్దం

టెలిస్కోపు కొనాలనుకుంటున్న వారందరికీ ఈ హెచ్చరిక. ఏళ్ల తరబడి మంచి పేరున్న ఒక సంస్థ ఈ మధ్య చేతులు మారింది. కొత్త యజమానులు పాత పేరు, పాత ఫోటోలు, పాత మోడల్ నంబరు అన్నీ అలాగే ఉంచారు. లోపలి ప్రధాన అద్దాన్ని మాత్రం మార్చేశారు. ఆ టెలిస్కోపు నేను కొన్నాను. గురుగ్రహం మీద చారలు స్పష్టంగా కనబడాల్సిన చోట మసక కమ్మిన వెలుగు ముద్ద కనబడింది. ఇదేమిటని అడిగితే వివరాలు మార్చే హక్కు తమకు ఉందన్నారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చేతులు మారిన ఏ సంస్థతోనైనా ఇలా జరగవచ్చు, అందుకే గుర్తుపట్టే పద్ధతి చెబుతాను.

నేను కొన్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి కిరణాలు కలిసే చోటుకు దూరం) ఉన్న న్యూటన్ తరహా, అంటే అద్దంతో వెలుగును పోగుచేసే టెలిస్కోపు. కొత్తగా ఆకాశం చూడటం మొదలుపెట్టేవారికి అనుభవజ్ఞులు తరచుగా సూచించే కొలతలు ఇవి. గొట్టం పొట్టిగా ఉంటుంది, మోయడం సులువు, వెలుగు బాగా పోగవుతుంది. అయితే ఇంత పొట్టి గొట్టంలో అద్దం ఆకారం చాలా ముఖ్యం. అది పరావలయాకారంలో (పారాబొలిక్, అంటే కిరణాలన్నిటినీ ఒకే చోట చేర్చే వంపులో) ఉండాలి. గోళాకారంలో ఉంటే అంచుల మీద పడిన కిరణాలు ఒక చోట, మధ్యలో పడినవి మరో చోట కలుస్తాయి. అప్పుడు నక్షత్రం చుక్కగా కుదరదు. దీన్నే గోళాకార దోషం అంటారు.

గోళాకారపు అద్దాలన్నీ చెడ్డవి కావు, ఈ సంగతి న్యాయంగా చెప్పాలి. 114 మిల్లీమీటర్ల వ్యాసం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న పొడుగు గొట్టంలో గోళాకారపు అద్దం పెట్టినా దోషం కాంతి తరంగదైర్ఘ్యంలో అయిదో వంతు దగ్గరే ఉంటుంది. నాలుగో వంతు వరకు సాధారణంగా సహిస్తారు కాబట్టి దానితో గ్రహాలు చక్కగా చూడవచ్చు. అదే గోళాకారాన్ని 130 వ్యాసం, 650 నాభ్యంతరం ఉన్న పొట్టి గొట్టంలో పెడితే దోషం దాదాపు ఒక పూర్తి తరంగదైర్ఘ్యానికి చేరుతుంది. సహించదగిన హద్దుకు ఇది సుమారు నాలుగు రెట్లు. తక్కువ శక్తి ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే కటకంతో) చంద్రుణ్ణి చూస్తే ఈ లోపం అంతగా తెలియదు. మొదటి రాత్రి అందరూ చూసేది చంద్రుణ్ణే. కొన్నవాళ్లు సంతోషపడిపోతారు, ఈలోగా వాపసు గడువు దాటిపోతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

మరి ఇలా ఎందుకు చేస్తారు? రెండు గాజు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి రాపిడి చేస్తూ పోతే వాటంతట అవే గోళాకారానికి వస్తాయి. దాన్ని పరావలయంగా మలచాలంటే ఇంకా పని చేయాలి, మధ్యమధ్యలో పరీక్షిస్తూ ఉండాలి. ఆ చివరి పని మానేస్తే ఖర్చు మిగులుతుంది. గొట్టం రంగు, ట్రైపాడ్ మెరుపు చూసి ఎవరూ కనిపెట్టలేరు. పైన పటారం, లోన లొటారం.

నా అనుమానం ఎలా రుజువైందో కాస్త వివరంగా చెబుతాను, ఈ పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చు. పది మిల్లీమీటర్ల ఐపీస్‌కు రెండు రెట్ల బార్లో (ఆవర్ధనం పెంచే అదనపు కటకం) జోడిస్తే ఈ గొట్టంలో ఆవర్ధనం, అంటే వస్తువు ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందన్నది, 130 అవుతుంది. మిల్లీమీటర్లలో అద్దం వ్యాసానికి రెండింతల వరకు, అంటే 260 వరకు పనికొచ్చే ఆవర్ధనం ఉండాలి కాబట్టి 130 దగ్గర చిత్రం ఖచ్చితంగా ఉండాలి. నా టెలిస్కోపులో ఫోకస్ గుబ్బ ఎంత తిప్పినా ‘ఇదిగో ఇక్కడ’ అని ఆగే చోటే లేదు. మొదట గాలి కదలిక వల్లనేమో అనుకోవాలి, అందుకని నిశ్చలమైన రాత్రి దాకా ఆగాను. గొట్టాన్ని చాలాసేపు ఆరుబయట ఉంచి అద్దాన్ని చల్లారనిచ్చాను. అద్దాల అమరికను సరిచూశాను. ఈ మూడూ దాటకుండా అమ్మినవాళ్లను తప్పుపట్టడం సరికాదు.

ఆ తర్వాత ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కొద్దిగా ఫోకస్ తప్పించి చూశాను. అమరిక కుదిరితే వలయాలు ఒకే కేంద్రం చుట్టూ గుండ్రంగా వస్తాయి. నాకు అలాగే వచ్చాయి, అమరికలో తప్పు లేదు. కానీ ఫోకస్‌కు లోపలి వైపు (ఐపీస్ గొట్టం వైపు జరిగినప్పుడు) బయటి వలయం గట్టిగా మెరిసింది, బయటి వైపుకు తిప్పితే అంచులు అలుక్కుపోయాయి. మంచి అద్దానికి రెండు వైపులా చిత్రం దాదాపు ఒకేలా ఉండాలి. గోళాకార దోషానికి ఇది స్పష్టమైన గుర్తు.

ఇంకా సులువైనది అట్టముక్క పరీక్ష. అట్టలో 80 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం కత్తిరించి గొట్టం ముందు పెట్టాలి. అప్పుడు అద్దం అంచు పని చేయదు, మధ్య భాగమే పని చేస్తుంది, గోళాకార దోషం హద్దు లోపలికి వచ్చేస్తుంది. వెలుగు తగ్గుతుంది, కానీ చిత్రం ఒక్కసారిగా పదునెక్కితే లోపం అద్దం ఆకారంలో ఉన్నట్టే. గాలి కలతగా ఉన్న రాత్రి కూడా చిన్న రంధ్రం కొంత మేలుచేస్తుంది, అందువల్ల నిశ్చలమైన రాత్రే చేయండి. అట్ట పెట్టగానే గురుడి మీద రెండు ప్రధాన చారలు విడివిడిగా తేలాయి. 130 మిల్లీమీటర్ల అద్దానికి డబ్బిచ్చి 80 మిల్లీమీటర్లు వాడుకుంటున్నానన్నమాట.

చివరి మాట అద్దాలు స్వయంగా చెక్కే ఒక పెద్దాయనది. 1858లో ఫ్రెంచి శాస్త్రవేత్త లెయోన్ ఫూకో కనిపెట్టిన కత్తి అంచు పరీక్షను ఆయన నా అద్దం మీద చేశారు. నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో, ఇక్కడ 1,300 మిల్లీమీటర్ల దగ్గర, సన్నని వెలుగుకు కత్తి అంచు అడ్డు పెట్టి చూస్తారు. పరావలయం అయితే అద్దం మీద ఉబ్బుగా ఉన్న నీడల ఆకారం కనిపిస్తుంది. గోళం అయితే అద్దమంతా ఒకేసారి సమానంగా బూడిద రంగుకు తిరుగుతుంది. నాది సమానంగా తిరిగింది. “చాలా శుభ్రమైన గోళం బాబూ, కానీ ఈ గొట్టానికి పనికిరాదు” అన్నారాయన.

ఫోటోలతో సహా ఈ వివరాలు సంస్థకు పంపాను. జవాబులో మూడు మాటలున్నాయి. ఉత్పత్తి వివరాలు ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చు. పెట్టె తెరిచారు కాబట్టి వాపసుకు కోత ఉంటుంది, పంపే ఖర్చు మీదే. పాత వివరాల పత్రం గత యాజమాన్యం ప్రచురించినది, దానితో మాకు సంబంధం లేదు. ఈ మూడో మాటను జాగ్రత్తగా చదవండి. ఆ పత్రంలోని చిత్రాలు వాడుకుంటున్నది వాళ్లే. ఆ మోడల్‌కు వచ్చిన పొగడ్తలను తమ అమ్మకపు పేజీ మీద ఉంచుకున్నదీ వాళ్లే. పాత పేరు తెచ్చే లాభం కావాలి, పాత మాట నిలబెట్టుకోవడం మాత్రం వద్దు!

ఇలా అనగలగడానికి వ్యాపార ఒప్పందాల్లో ఒక దారి ఉంది. సంస్థను మొత్తంగా, వాటాలతో సహా కొంటే దాని అప్పులు, వారంటీలు కూడా సాధారణంగా వెంట వస్తాయి. పేరు, సరుకు, డిజైన్లు మాత్రమే కొంటే, ఒప్పందంలో రాసుకుంటే తప్ప, పాత బాధ్యతలు తరచుగా వెనకే ఉండిపోతాయి. బయట నిలబడి చూసే కొనుగోలుదారుకు ఈ రెండింటికీ తేడా కనబడదు. పేరు పలక ఒకటే కదా.

చేతులు మారితే చెడిపోతుందని తీర్మానించకండి. అమెరికా టెలిస్కోపుల సంస్థ సెలెస్ట్రాన్‌ను 2005లో తైవాన్‌కు చెందిన సింటా సంస్థ కొన్నది, ఆ పేరుతో ఇప్పటికీ టెలిస్కోపులు వస్తూనే ఉన్నాయి. మరోవైపు 1972లో మొదలైన అమెరికా టెలిస్కోపుల సంస్థ మీడ్ 2013లో చైనా సంస్థ చేతికి వెళ్లింది, 2019లో దివాలా రక్షణ కోరింది, 2021లో మరో అమెరికా టెలిస్కోపుల సంస్థ ఓరియన్ చేతికి వచ్చింది, 2024లో ఓరియన్‌తో పాటే మూతపడింది. మీడ్ గొట్టాలు ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి, చెడిపోతే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయన్నది వాటి యజమానుల సమస్య అయింది. దానంతటదే నక్షత్రాన్ని వెతికే కంప్యూటర్ మౌంటు (టెలిస్కోపును మోసి తిప్పే స్టాండు) కొనేవారు ఈ విషయం మరీ పట్టించుకోవాలి. అద్దం దశాబ్దాలు పనిచేస్తుంది, మోటారు సర్క్యూటు పోతే మాత్రం తయారీదారే దిక్కు.

కాబట్టి డబ్బు కట్టేముందు రాతపూర్వకంగా అడగండి: ప్రధాన అద్దం పరావలయాకారమా, గోళాకారమా? “నాణ్యమైన ఆప్టికల్ గాజు” అని జవాబు వస్తే అది జవాబు కాదు, మళ్లీ అడగండి. పాత వివరాల్లో ‘పారాబొలిక్’ అన్న మాట ఉండి, కొత్త పేజీలో మాయమైతే అక్కడే ఆగండి. వారంటీ ఇచ్చేది ఏ పేరు గల సంస్థ, ఇన్వాయిస్ మీద ఉండేది అదే పేరా అని చూడండి. పొగడ్తలు చదివేటప్పుడు తేదీలు చూడండి, యాజమాన్యం మారిన తర్వాతివి మాత్రమే లెక్కలోకి తీసుకోండి. అమ్మకపు పేజీని కొన్న రోజునే భద్రపరచుకోండి. డబ్బు వెనక్కి కోరుతూ నేను వివాదం లేవనెత్తితే, నా బ్యాంకు వివాద పత్రంతో పాటు ముందుగా అడిగింది ఆ పేజీనే.

ముందస్తు బుకింగుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కొత్త యజమానులు డబ్బు త్వరగా పోగుచేసుకోవడానికి ఇంకా తయారుకాని సరుకుకు బయానా అడుగుతున్నారు. పూర్తి సొమ్ము బ్యాంకు బదిలీ ద్వారా పంపమంటే ఒప్పుకోకండి. కార్డుతో చెల్లిస్తే సరుకు వివరాలకు తగ్గట్టు లేనప్పుడు వివాదం లేవనెత్తే అవకాశం ఉంటుంది, బదిలీ అయిపోయిన సొమ్మును వెనక్కి రప్పించడం చాలా కష్టం. నా వివాదం ఇంకా తేలలేదు. తేలాక ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.

ఇప్పటికే టెలిస్కోపు అందుకున్నవారు పెట్టె, లోపలి అట్టలు పారేయకండి. వాపసు గడువు ఏ రోజుతో ముగుస్తుందో ఈ రోజే చూసుకోండి. చంద్రుణ్ణి చూసి ఊరుకోకుండా, నిశ్చలమైన మొదటి రాత్రే నక్షత్రం మీద ఫోకస్ పరీక్ష, అట్టముక్క పరీక్ష చేయండి. ఐపీస్‌కు ఫోను ఆనించి రెండు వైపుల వలయాలనూ ఫోటో తీయండి. తేడా కనబడితే అదే రాత్రి సంస్థకు ఈమెయిల్ పంపండి. ఫోనులో మాట్లాడితే రుజువు మిగలదు.