ఎల్‌కేజీలో ఏడాది మధ్యలో సెక్షన్ మార్చారా? సర్దుకోవడమా, అడగడమా, స్కూల్ మార్చడమా: ఏది మేలు?

"రేపటి నుంచి మీ బాబు సన్‌ఫ్లవర్‌లో కాదు, టులిప్‌లో కూర్చుంటాడు" అని దసరా సెలవుల చివర్లో స్కూల్ యాప్‌లో మెసేజ్ వస్తుంది. కారణం ఒక్క లైను, అది కూడా "పరిపాలనా కారణాల వల్ల" అని. ఆ రాత్రి క్లాస్ వాట్సాప్ గ్రూపుకి నిద్ర ఉండదు. అందరం కలిసి వెళ్ళి ప్రిన్సిపాల్‌ని నిలదీద్దాం అంటారు ఒకరు. పక్క కాలనీ స్కూల్లో సీట్లున్నాయట అంటారు ఇంకొకరు. నాలుగేళ్ళ పిల్లాడికి ఏ సెక్షన్ అయితే ఏంటండీ అని మరొకరు తేల్చేస్తారు. ఇంట్లో నానమ్మ అయితే అసలు ఈ ఏడాదికి మాన్పించేయమంటుంది.

నాలుగు మాటల్లోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. ఏది మేలో తేల్చుకునే ముందు మాత్రం ఒక సంగతి కనుక్కోవాలి. మారుతున్నది గదా, తోటి పిల్లలా, టీచరా? గది మారితే పిల్లలు ఇట్టే అలవాటు పడిపోతారు. పక్కన కూర్చునే స్నేహితుడు మారితే కొన్నాళ్ళు అలుగుతారు. అసలు చిక్కు టీచర్ మారినప్పుడే. ఆ వయసులో స్కూల్ అంటే పొద్దున గేటు దగ్గర చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళే మనిషే. ఆ చెయ్యి మారినప్పుడే ఏడుపు.

ఎందుకు మారుస్తున్నారో కూడా అడగండి. మన రాష్ట్రాల్లో దీనికి ఒక కారణం డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల భర్తీ. తెలంగాణలో 11,062 పోస్టుల డీఎస్సీకి నియామక పత్రాలు 2024 అక్టోబరులో ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వాళ్ళకి 2025 సెప్టెంబరులో ఇచ్చారు. రెండూ చదువుల ఏడాది నడుమనే. ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తూ, రాత్రుళ్ళు చదివి గెలిచిన టీచర్ వెళ్ళకుండా ఎలా ఉంటుంది? రెండో తరగతి టీచర్ వెళ్తే ఎల్‌కేజీ టీచర్‌ని పైకి జరుపుతారు, ఎల్‌కేజీలో రెండు సెక్షన్లని ఒకటి చేస్తారు. ఇలాంటప్పుడు పాత టీచరే కావాలని ఎంత గొడవ చేసినా లాభం లేదు. పిల్లలు తగ్గారనో, ఖర్చు కలిసొస్తుందనో సెక్షన్లు కలిపితే ఆ లెక్క వేరు. అక్కడ తల్లిదండ్రుల మాటకి కాస్త బలం ఉంటుంది.

కొత్త సెక్షన్‌కే పంపితే

నా ఓటు చాలావరకు దీనికే. అయితే ఊరికే "సరే" అనేసి పంపకూడదు, కొన్ని అడిగి పంపాలి.

కొత్త సెక్షన్‌లో మొదటి వారం లంచ్ బాక్స్ నిండుగా తిరిగొస్తుంటుంది. బెంగ పెట్టుకున్నాడేమో, తిండి సయించడం లేదేమో అని అమ్మకి టెన్షన్. తీరా చూస్తే సంగతి చిన్నది కావచ్చు. ఆ స్టీలు బాక్స్ క్లిప్పు తీయడం వాడికి రాదు. పాత గదిలో ఆయమ్మ అడక్కుండానే తీసిపెట్టేది. కొత్త ఆయమ్మకి వీడి సంగతి తెలియదు, వీడు నోరు తెరిచి అడగడు. మూత బిగించిన బాక్స్ ముందు పెట్టుకుని, పక్క పిల్లలు తినడం చూస్తూ కూర్చుంటాడు. బెల్లు కొట్టగానే బాక్స్ బ్యాగులోకి వెళ్ళిపోతుంది. సాయంత్రం ఎందుకు తినలేదురా అంటే "ఆకలి లేదు" అంటాడు. బాత్రూం సంగతీ ఇంతే. పాత టీచర్‌కి వాడు కుర్చీలో అటూ ఇటూ మెసలడం చూస్తే అర్థమయ్యేది. కొత్త టీచర్ "కుదురుగా కూర్చో" అంటుంది. నిక్కరు తడుస్తుంది, మర్నాడు స్కూల్ వద్దని ఏడుపు.

ఇవన్నీ పాత టీచర్ తలలో ఉండే విషయాలు. ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు, టీచర్‌తో పాటే వెళ్ళిపోతాయి. అందుకే మొదటి రోజు డైరీలో ఒక చీటీ పెట్టండి. చాంతాడంత ఉత్తరం అక్కర్లేదు, ఇలా రాస్తే చాలు:

"మేడమ్, బాబుకి బాత్రూం వస్తే చెప్పడు, కుర్చీలో మెసులుతాడు. బాక్స్ మూత తీసిపెట్టాలి. దూరం నుంచి గట్టిగా పిలిస్తే బెదిరిపోతాడు, దగ్గరికొచ్చి చెప్తే వింటాడు. ఇంట్లో చిన్నూ అని పిలుస్తాం."

కొత్త టీచర్‌కి ఒకేసారి పదిహేను, ఇరవై కొత్త మొహాలు. ఈ నాలుగు వాక్యాలు మీ పిల్లాడి రోజుని మార్చేస్తాయి. ఆయమ్మకి కూడా గేటు దగ్గర ఒక మాట చెప్పండి. ఆ వయసు పిల్లల విషయంలో సగం పని ఆమెదే, ఆమెని పలకరించే తల్లిదండ్రులు మాత్రం తక్కువ.

స్కూల్‌ని అడగాల్సినవి మూడున్నాయి. పాత సెక్షన్ నుంచి కనీసం ఒక స్నేహితుడిని వాడితో పాటు అదే సెక్షన్‌లో వేయమనండి. పాత టీచర్ స్కూల్లోనే ఉంటే, మొదటి నాలుగు రోజులు పొద్దున ఆమెనే వచ్చి పిల్లల్ని కొత్త గదిలో దింపమనండి. ఐదు నిమిషాల పని, ఎవరూ కాదనరు. మూడోది కొంచెం గట్టిగానే అడగాల్సింది. రెండు సెక్షన్లు కలిపాక గదిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్ళు? ప్రైవేటు ప్లే స్కూళ్ళ కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రూపొందించిన మార్గదర్శకాల్లో 20 మంది పిల్లలకి ఒక టీచర్, ఒక ఆయా ఉండాలని ఉంది. పద్దెనిమిది, పద్దెనిమిది కలిపి ముప్పై ఆరు చేసి, ఒక్క టీచర్‌నే ఉంచితే అది సర్దుబాటు అనిపించుకోదు. రెండో మనిషిని ఎప్పుడు పెడతారో తేదీతో సహా చెప్పించుకోండి.

మానేసిన వేలు చీకడం మళ్ళీ మొదలవ్వడం, రాత్రి పక్క తడపడం, పొద్దున్నే కడుపునొప్పి అనడం లాంటివి ఈ రోజుల్లో మామూలే. ఒకటి రెండు వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ రావాలి. తగ్గకపోగా పెరుగుతుంటే, టీచర్ పేరెత్తితేనే దాక్కుంటుంటే, ఒంటి మీద గుర్తులు కనిపిస్తే ఇక "అలవాటైపోతుందిలే" అనుకుని కూర్చోవద్దు. ఆ రోజే స్కూల్‌కి వెళ్ళండి, పిల్లల డాక్టర్‌కీ చూపించండి.

పాత సెక్షన్‌లోనే ఉంచమని అడిగితే

సెక్షన్ ఎత్తేయకుండా, కొత్త అడ్మిషన్లు ఎక్కువై రెండుగా విడదీసినప్పుడు ఈ దారి పనిచేస్తుంది. పాత టీచర్ ఒక సగంతో ఉంటుంది కాబట్టి అడగడానికి అర్థం ఉంది. అడిగే తీరులోనే ఉంది కిటుకు. "ఈ మార్పు మాకొద్దు, రద్దు చేయండి" అంటే స్కూల్ పరువు సమస్య అవుతుంది. "మా పాప మాట్లాడటానికే మూడు నెలలు పట్టింది మేడమ్, ఆ టీచర్ దగ్గరే ఉంచితే బాగుంటుంది" అంటే లిస్టులో ఒక పేరు అటూ ఇటూ చేస్తే సరిపోతుంది. ఇరవై మంది ఒకేసారి వెళ్ళి ఇదే అడిగితే ఎవరికీ దొరకదు. ఎమ్మెల్యే గారి పీఏ చేత ఫోన్ చేయించేవాళ్ళూ ఉంటారు. పని జరగొచ్చేమో గానీ, ఆ తర్వాత టీచర్ మీతో మనసు విప్పి మాట్లాడదు, పిల్లాడి గురించి మీకు తెలియాల్సినవి తెలియవు.

ఒక్కటి చూసుకోండి. మీరు బతిమాలి పాత సెక్షన్‌లో ఉంచుకున్నాక, వాడి ముగ్గురు స్నేహితులూ కొత్త దాంట్లోకి వెళ్ళిపోతే గెలిచి ఓడినట్టే. మాటకారి పిల్లలకి ఫరవాలేదు. ఒక్క స్నేహితుడిని పట్టుకుని వేలాడే పిల్లలుంటారు, వాళ్ళకి టీచర్ కన్నా ఆ స్నేహితుడే ముఖ్యం కావచ్చు. లిస్టు చూశాకే అడగండి.

స్కూల్ మార్చేస్తే

కోపంలో అందరికీ మొదట తట్టేది ఇదే, ఖరీదైనదీ ఇదే. టీచర్ మారిందని బాధపడి గది, టీచర్, స్నేహితులు, యూనిఫాం, వ్యాన్ అంకుల్ అన్నీ ఒకేసారి మార్చడం అవుతుంది. కట్టిన అడ్మిషన్ ఫీజు సాధారణంగా వెనక్కి రాదు. కొత్త స్కూల్లో మళ్ళీ అడ్మిషన్ ఫీజు, మళ్ళీ పుస్తకాల సెట్టు. ట్యూషన్ ఫీజు మిగిలిన నెలలకే తీసుకుంటారా, ఏడాది మొత్తానికా అన్నది కాగితం మీద రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. సిలబస్ తేడా కూడా ఉంటుంది. ఇక్కడ ఇంకా గీతలు, సున్నాలు దిద్దుతుంటే అక్కడ కర్సివ్‌లో పదాలు రాయిస్తుండొచ్చు.

టీసీ సంగతి ముందే అడగండి. విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 5 ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి, కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది. ఎల్‌కేజీ పిల్లాడికి దాని ఆసరా నేరుగా దొరకదు. ఈ తరగతులకి టీసీ పట్టుబట్టని స్కూళ్ళూ ఉన్నాయి, కొత్త స్కూల్ ఏమంటుందో కనుక్కుంటే, పాత స్కూల్ ఫీజు బాకీ పేరుతో టీసీ ఆపినా ఇబ్బంది పడక్కర్లేదు.

మరి ఎప్పుడు మార్చాలి? జూన్ నుంచి ఇది మూడో టీచర్ అయితే, గది కిక్కిరిసి ఉన్నా రెండో మనిషిని పెట్టకపోతే, కొడుతున్నారని తెలిస్తే ఫీజు పోయినా మార్చండి. కొడుతుంటే అసలు ఆలోచించనే వద్దు. లేకపోతే ఈ ఏడాది ఇక్కడే నెట్టుకొచ్చి జూన్‌కి వేరే చోట సీటు చూసుకోవడం నయం. హైదరాబాద్‌లో చాలా స్కూళ్ళు వచ్చే ఏడాది అడ్మిషన్లు డిసెంబరు నాటికే తెరుస్తాయి కాబట్టి టైము ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు, స్మార్ట్ బోర్డు చూపిస్తారు. మీరు మాత్రం పోయిన ఏడాది ఎల్‌కేజీ టీచర్లలో ఎంతమంది ఇంకా ఉన్నారో అడగండి. జవాబు నాన్చితే మీకు సంగతి అర్థమైపోతుంది.

మాంటిస్సోరి పేరు పెట్టుకున్న స్కూళ్ళు ఊరూరా ఉన్నాయి గానీ, ఆ పద్ధతిని నిజంగా పాటించే చోట మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో ఉంటారు. ఏటా పెద్దవాళ్ళు పైకి వెళ్తారు, చిన్నవాళ్ళు వస్తారు, మిగతావాళ్ళకి అదే టీచర్, అదే గది. మార్పు పడని పిల్లలకి ఇది బాగా కుదురుతుంది. బోర్డు చూసి కాదు, గదిలో నిజంగా మూడు వయసుల పిల్లలున్నారో లేదో చూసి చేర్చండి.

ఇంట్లో ఉంచేస్తే

నానమ్మ మాటని నవ్వి కొట్టిపారేయకండి. మూడున్నరేళ్ళ నర్సరీ పిల్ల, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, అప్పటికే జనవరి దాటింది అనుకోండి. అక్షరాలు రెండు నెలలు ఆలస్యమైతే కొంపలేం మునగవు. పోయేది ఫీజే. యూకేజీ పిల్లలకి మాత్రం ఇది వద్దు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళి, పిల్లాడు పొద్దంతా ఫోన్ ముందు కూర్చునే ఇంట్లో అసలే వద్దు.

"మీ పాప చురుకైనది, నర్సరీలో వద్దు, ఎల్‌కేజీలో వేసేద్దాం"

సెక్షన్లు కలిపేటప్పుడు ఈ మాట కూడా వస్తుంది. వినడానికి గర్వంగానే ఉంటుంది. స్కూల్‌కి అక్కడ ఒక సీటు నింపుకోవాల్సిన అవసరం ఉందేమో కూడా చూడండి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడేళ్ళకి మొదలైన పిల్లలు ఆరేళ్ళకి ఒకటో తరగతిలోకి రావాలి. ఆరేళ్ళు నిండిన పిల్లలనే ఒకటిలో చేర్చుకోవాలని కేంద్రం 2023లోనూ 2024లోనూ రాష్ట్రాలకి లేఖలు రాసింది. ఇప్పుడు ఏడాది ముందుకి నెడితే, రేపు బదిలీ మీద వేరే రాష్ట్రానికో వేరే బోర్డుకో వెళ్ళినప్పుడు వయసు చాలదని వెనక్కి కూర్చోబెట్టొచ్చు. పుట్టిన తేదీ ముందు పెట్టుకుని, ఒకటో తరగతిలో చేరే జూన్ నాటికి ఎన్నేళ్ళు నిండుతాయో లెక్కవేయండి. ఆరు నిండకపోతే, ఎంత పొగిడినా ఉన్న క్లాసులోనే ఉంచమని చెప్పండి.