నార్ఫోక్ కాటేజీలు బుక్ చేసుకునేవారికి హెచ్చరిక: సైట్ వదిలి యజమానికి నేరుగా డబ్బు కట్టకండి

క్రిస్మస్ సెలవులకు ఇంగ్లండ్ తూర్పున ఉన్న నార్త్ నార్ఫోక్ తీరంలో వారం రోజులకు కాటేజీ తీసుకుని, మొన్న శనివారం, అంటే డిసెంబరు 27న, అక్కడికి వెళ్లి మోసపోయాము. నిన్న రాత్రే తిరిగి లెస్టర్ చేరాము. నా కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఈస్టర్ సెలవుల బుకింగులు ఊపందుకునేది ఈ రోజుల్లోనే కాబట్టి, మరొక కుటుంబం మాలాగా నడిరోడ్డు మీద నిలబడకూడదని వెంటనే రాస్తున్నాను.

మా అమ్మ అక్టోబరులో రేపల్లె నుంచి వచ్చింది. ఆ తీరంలోని బ్లేక్నీ పాయింట్‌లో అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా బూడిదరంగు సీళ్లు వేల సంఖ్యలో ఈనుతాయి. తెల్లటి బొచ్చుతో ఉండే ఆ పిల్లలను అమ్మకు చూపించాలన్నది నా కోరిక. సెప్టెంబరులోనే, మనలో చాలామంది సెలవుల ఇళ్ల బుకింగుకు వాడే ఆ సైట్‌లోనే, బ్లేక్నీకి దగ్గరలో చెకుముకి రాళ్ల గోడలతో కట్టిన ఒక పాత కాటేజీని 1,240 పౌండ్లకు బుక్ చేశాను. దాన్నే ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: పడకగది, స్నానాలగది రెండూ కింది అంతస్తులోనే ఉన్నాయని ప్రకటనలో రాసి ఉంది. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లెక్కడం ఆమె వల్ల కాదు. ఈ సంగతి యజమానికి ముందే రాసి, ఆయన నుంచి అవునన్న జవాబు తెప్పించుకున్న తరువాతే డబ్బు కట్టాను.

నవంబరు మూడో వారంలో ఆయన నుంచి వాట్సాప్‌లో సందేశం వచ్చింది. సైట్‌కు కమిషన్ ఎక్కువ పోతోందని, ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఇంకా ఉంది కనుక నన్నే బుకింగ్ రద్దు చేయమని, తనకు నేరుగా 1,100 పౌండ్లు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే అదే ఇల్లు, అవే తేదీలు ఖాయమని ఆయన రాశాడు. ఫోనులో కూడా ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగాడు. నేను నమ్మి, సైట్‌లో బుకింగ్‌ను నా చేతులతో నేనే రద్దు చేశాను. 140 పౌండ్ల కోసం అమ్మను ఆ స్థితికి తెచ్చింది నేనే అన్న బాధ ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

కింగ్స్ లిన్, ఫేకెన్‌హామ్ మీదుగా మూడు గంటలకు పైగా ప్రయాణించి నాలుగు దాటాక చేరాము. అప్పటికే చీకటి పడింది. ఆ కాలంలో అక్కడ నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఉప్పు నేలల మీదుగా వీచే గాలికి కారు తలుపు తీయడమే కష్టమైంది. తాళంచెవి ఉండే పెట్టెకు ఆయన పంపిన కోడ్ నొక్కితే అది తెరుచుకోలేదు. ఇంట్లో మాత్రం దీపాలు వెలుగుతున్నాయి. కిటికీలోంచి బల్ల చుట్టూ కూర్చుని భోజనం చేస్తున్న వేరే కుటుంబం కనిపించింది. తలుపు తట్టాను. తాము క్రిస్మస్‌కు ముందే వచ్చామని, నూతన సంవత్సరం దాకా ఉండడానికి యజమాని ఒప్పుకున్నాడని, మా సంగతి తమకు తెలియదని వారు చెప్పారు. వారి తప్పేమీ లేదు.

ఫోను చేస్తే యజమాని ఇరవై నిమిషాలకు వచ్చాడు. కారు దిగలేదు, ఇంజను ఆపలేదు, అద్దం సగం దించి మాట్లాడాడు. ఫేకెన్‌హామ్ వైపు తనకు మరొక చోటు ఉందని, అక్కడికి వెళ్లమని చెప్పాడు. అది ఒక కొట్టాం మీది గది, బయటి నుంచి నిలువు మెట్లు ఎక్కి వెళ్లాలని నేను అడిగితేనే బయటపెట్టాడు. మా అమ్మ మెట్లెక్కలేదని మీకు ముందే చెప్పాను కదా అన్నాను. దానికి ఆయన అన్న మాటలు నా చెవుల్లో ఇంకా మోగుతున్నాయి: "తక్కువ ధరకు కావాలన్నది మీరే. సైట్‌లో మీకు బుకింగ్ లేదు, మీరే రద్దు చేసుకున్నారు. ఆ గది తీసుకుంటారో లేదో ఇప్పుడే తేల్చండి, ఇంటి దగ్గర నా కోసం అతిథులు ఎదురు చూస్తున్నారు." తక్కువ ధర మాట ఎత్తింది ఆయన. రద్దు చేయమన్నది ఆయన. నెల కిందట అమ్మ మోకాలి గురించి అడిగిన మనిషి, వెనక సీటులో శాలువా కప్పుకుని కూర్చున్న అమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు. "ఏమంటున్నాడు నాన్నా, తాళం తెచ్చాడా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, తెస్తున్నాడమ్మా అని అబద్ధం చెప్పాను. ఈలోగా ఆయన కారు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. తరువాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

క్రిస్మస్ వారం కావడంతో తీరం వెంట ఎక్కడ అడిగినా గది లేదన్నారు. చివరికి రాత్రి తొమ్మిదిన్నరకు నారిచ్ దగ్గర రోడ్డు పక్క హోటల్‌లో ఒకే గది దొరికితే ఐదుగురం అందులోనే సర్దుకున్నాము. మరునాడు మోర్‌స్టన్ రేవు నుంచి సీళ్ల దగ్గరకు వెళ్లే పడవకు టికెట్లు కొని ఉంచాను. కానీ ఆ పడవలు పోటును బట్టి బయలుదేరుతాయి, ఎవరి కోసమూ ఆగవు. కాళ్లు వాచిన అమ్మను లేపి, సిద్ధం చేసి, అంత దూరం తీసుకువెళ్లేసరికి పడవ వెళ్లిపోయింది. రేవు దగ్గర కారులోంచే ఆ ఉప్పు నేలలను చూసి, మన వైపు పర్ర భూముల్లాగే ఉన్నాయిరా అంది. తనవల్లే ఇదంతా జరిగిందని అమ్మ బాధపడుతుంటే చూడలేకపోయాను.

ఈ ఉదయం బ్యాంకుకు ఫోను చేశాను. 2024 అక్టోబరు 7 నుంచి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మోసాల్లో 85,000 పౌండ్ల వరకు బాధితులకు బ్యాంకులు తిరిగి చెల్లించాలన్న నియమం ఉంది. కానీ ఇల్లు నిజంగానే ఉంది, యజమాని మరొక చోటు చూపించాడు కనుక దీన్ని మోసంగా కాక ఇద్దరి మధ్య తగాదాగా చూస్తామని వారు చెప్పారు. బుకింగ్ రద్దయింది కాబట్టి సైట్ వారు తమకు సంబంధం లేదన్నారు. వాట్సాప్ తెరిచి చూస్తే, సందేశాలు ఏడు రోజులకు వాటంతట అవే చెరిగిపోయేలా ఆయన అమర్చి ఉంచాడు. నేను అది గమనించనే లేదు. నవంబరు నాటి మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. సెప్టెంబరులో సైట్ పంపిన ఈమెయిలు, అందులో కింది అంతస్తు పడకగది గురించిన వాక్యం, నా బ్యాంకు స్టేట్‌మెంటు మాత్రమే ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వ్యాపారి సేవ గురించి చెప్పిన మాటను నమ్మి మనం ఒప్పుకుంటే ఆ మాట కూడా ఒప్పందంలో భాగమే అవుతుంది. దాని ఆధారంగా మొదట నోటీసు లేఖ పంపి, స్పందన రాకపోతే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తాను. ఆయన పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

తొందరలో రాస్తున్నాను కనుక జాగ్రత్తలు రెండు మాటల్లో చెబుతాను. సైట్ బయట బుకింగ్ ఎవరు అడిగినా ఒప్పుకోకండి, ఎంత తగ్గించినా సరే. యజమానికే నేరుగా కట్టాల్సి వస్తే క్రెడిట్ కార్డు తీసుకుంటేనే కట్టండి. ధర 100 పౌండ్లకు మించి 30,000 వరకు ఉంటే, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. సందేశాలను ఏ రోజువి ఆ రోజే ఫొటో తీసి దాచుకోండి. పెద్దవాళ్లతో వెళ్తుంటే, బయలుదేరే ముందు రోజు ఫోను చేసి ఇల్లు ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి. బ్లేక్నీ చుట్టుపక్కల ఈస్టర్‌కు ఇలాగే వాట్సాప్‌లో మాట్లాడుకుని డబ్బు పంపినవారు ఎవరైనా ఉంటే దయచేసి నాకు సందేశం పెట్టండి. ఇల్లు అదేనో కాదో ఫొటో చూసి చెబుతాను.