సభా, శిక్షణా, సత్కారమా: పని చోట ప్రాణం కాపాడేది ఏది?

"ఈ ఏడాది సేఫ్టీకి కొంచెం డబ్బు ఇచ్చారండీ. వారోత్సవం ఘనంగా చేయమంటారా, ట్రైనింగ్ పెట్టించమంటారా, బాగా చేసినవాళ్లకి బహుమతులు ఇమ్మంటారా?"

ఒక కర్మాగారంలో కొత్తగా సేఫ్టీ ఆఫీసర్‌గా చేరిన అబ్బాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. మూడూ చేసెయ్ అనడం తేలిక. కానీ అతని చేతిలో ఉన్న డబ్బు మూడింటికీ చాలదు. డబ్బు సర్దుకున్నా టైమ్ సర్దుకోదు. పని ఆపి మనుషుల్ని ఒకచోట నిలబెట్టగలిగేది ఏడాది మొత్తమ్మీద కొన్ని గంటలే. ఆ గంటలు ఎక్కడ పెడతామన్న దాన్ని బట్టే ఒకడు సాయంత్రం ఇంటికి వెళ్లడమో వెళ్లకపోవడమో ఉంటుంది.

నేను మెయింటెనెన్స్‌లో ఫిట్టర్‌గా మొదలై, తర్వాత భద్రత పాఠాలు చెప్పే పనిలోకి వచ్చినవాణ్ణి. సభలకు కుర్చీలు వేశాను, క్లాసులు తీసుకున్నాను, అవార్డులు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో కూర్చున్నాను. నన్నడిగితే డబ్బులోనూ గంటల్లోనూ పెద్ద వాటా శిక్షణకే పోవాలి. సత్కారం రెండోది, కానీ దాన్ని ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్న పద్ధతిలో ఇచ్చేటట్లయితే అసలు ఇవ్వకపోవడమే మంచిది. సభ చివరిది.

సభ

చివరిది అన్నాను గానీ పనికిరానిది అనలేదు. ఏప్రిల్ 28ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003 నుంచి ప్రపంచ వృత్తి భద్రత, ఆరోగ్య దినంగా జరుపుతోంది. అలాంటి రోజున పెద్ద అధికారి మొదలు కాంట్రాక్ట్ హెల్పర్ దాకా ఒకే చోట నిలబడితే, అక్కడ అన్న మాటకు వందల మంది సాక్షులుంటారు. నలుగురిలో ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం. సభకున్న బలమంతా అక్కడే ఉంది.

1987లో పాల్ ఓ'నీల్ ఆల్కోవా అనే అల్యూమినియం కంపెనీకి అధిపతిగా వచ్చాడు. పెట్టుబడిదారులతో జరిగిన తొలి సమావేశంలో లాభాల ఊసెత్తకుండా కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. విన్నవాళ్లు కంగారుపడ్డారు. కంపెనీలో ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో తనకు తెలియాలని, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని ఆయన నియమం పెట్టాడు. ఏడాదికి ప్రతి 100 మందిలో 1.86 దాకా ఉన్న పనిదినాలు పోయే గాయాల రేటు కాలక్రమంలో 0.2 దగ్గరికి దిగింది. ఆ రోజు ప్రసంగంతోనే ఆపేసి ఉంటే ఇంత జరిగేది కాదు.

పరిశ్రమలన్నీ కలిసి పెట్టుకునే సదస్సులకు ఇంకో ఉపయోగం ఉంది. ఒకచోట జరిగిన తప్పు ఇంకోచోట జరగకుండా ఆగాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వ్ విప్పి ఉంచారన్న కబురు రాత్రి షిఫ్ట్‌కు అందలేదు. వాళ్లు ఆ పంపునే స్టార్ట్ చేశారు. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 106 సిఫార్సులు చేస్తే అన్నింటినీ ఒప్పుకున్నారు. షిఫ్ట్ మారేటప్పుడు పర్మిట్ కాగితాలు, అంటే పనికి అనుమతిచ్చే కాగితాలు, చేతులు మారే తీరు గురించి తర్వాత ఎంతోమంది నేర్చుకున్నది ఆ ఒక్క రాత్రి నుంచే. అందుకే సదస్సుకు వెళ్లేవాళ్లకు నాదో విన్నపం. మీ విజయాల స్లైడ్లు తగ్గించండి. మీ దగ్గర ఏం తప్పు జరిగిందో చెప్పండి. వినేవాళ్లకు పనికొచ్చేది అదే.

ఇక లోపం సంగతి. సభకు వచ్చేవాళ్లెవరు? పని ఆపుకుని రాగలిగినవాళ్లు. రాత్రి షిఫ్ట్ చేసి పడుకున్నవాడు రాడు. నిన్న చేరిన కాంట్రాక్ట్ కుర్రాడు రాడు. ప్రమాదానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది వాళ్లే. ఒకసారి మేం పెద్ద హాల్లో చేయి చాచి భద్రతా ప్రతిజ్ఞ చదివాం. గంట తర్వాత నేను కన్వేయర్ వైపు వెళ్తే, తిరిగే రోలర్ మీద చేయి పడకుండా ఉండాల్సిన గార్డు గోడకు ఆనించి ఉంది. దాని నాలుగు బోల్టులు ఒక డబ్బా మూతలో, మీద సన్నగా దుమ్ము పేరుకుని ఉన్నాయి. అంటే విప్పి ఒక్క రోజు కాదు, రెండు మూడు రోజులైంది. ప్రతిజ్ఞ చదివినవాళ్లలో ఎంతమంది ఆ పక్కనుంచే హాలుకు నడిచి వచ్చారో!

శిక్షణ

శిక్షణ అనగానే చాలామందికి గుర్తొచ్చేది చీకటి గది, అరవై స్లైడ్లు, చివర్లో హాజరు పట్టీ మీద సంతకం. అది శిక్షణ కాదు. ఏదైనా జరిగితే చూపించుకోవడానికి పెట్టుకున్న కాగితం. సభతో పోల్చి చూడమంటే నిజానికి అది కూడా సభే, చిన్న సభ.

తేడా ఎక్కడుందో ఒక తాళంతో చెబుతాను. యంత్రం బాగుచేసే ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్‌కు తాళం వేస్తాం. ఎర్ర తాళం, దాని మీద వేసినవాడి పేరున్న ట్యాగ్. పది మంది పనిచేస్తుంటే పది తాళాలు, ఎవడి తాళంచెవి వాడి జేబులో. నేను ఒక బ్యాచ్‌ని క్లాసులో అడిగితే అందరూ తడుముకోకుండా చెప్పేశారు. అదే బ్యాచ్‌ని ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లి, చేసి చూపించండి అన్నాను. తాళం వేశారు, ట్యాగ్ కట్టారు, పానా పట్టుకుని యంత్రం వైపు నడిచారు. పన్నెండు మందిలో ఒక్కడే ఆగి వెనక్కి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కి చూశాడు. ఆ నొక్కి చూడటంలోనే ప్రాణం ఉంది. తాళం వేసింది పక్క యంత్రం స్విచ్‌కేమో, లోపల ఇంకో సప్లై ఉందేమో, బటన్ నొక్కితే గానీ తెలియదు. ఆ తర్వాత సిలిండర్‌లో మిగిలిన గాలి ప్రెషర్ వదలాలి, పైకెత్తి ఉన్న భాగానికి దిమ్మ పెట్టాలి. ఇవి నోటికి వస్తే చాలదు, చేతికి రావాలి. కనీసం నాలుగైదుసార్లు చేస్తే గానీ చేతికి రాదు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 95 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2006లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. వినిపించి వదిలేసే శిక్షణ కన్నా, ఎదురుగా చేయించి, తప్పు పోయినచోట మాట్లాడి సరిదిద్దే శిక్షణలో కార్మికులు ఎక్కువ నేర్చుకున్నారని, ప్రమాదాలు కూడా తగ్గాయని అది తేల్చింది.

శిక్షణ లేకపోతే మంచితనమే మనిషిని చంపే చోట్లు కూడా ఉంటాయి. ట్యాంకులో పడిపోయిన తోటివాణ్ణి చూసి ఇంకొకడు ఆగలేక దిగుతాడు, అతని వెనక మూడోవాడు. ఇలాంటి ఇరుకు చోట్లలో జరిగిన మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్లవేనని అమెరికా వృత్తి భద్రత పరిశోధన సంస్థ 1986లోనే హెచ్చరించింది. అది మనసు మంచిది కాబట్టి చేసే పని. "దిగవద్దు" అని సభలో ఎన్నిసార్లు చెప్పినా ఆ క్షణంలో గుర్తు రాదు. ఒక బొమ్మను ట్యాంకులో పడేసి, గ్యాస్ మీటరు తాడుకు కట్టి దించి, పైన మూడుకాళ్ల స్టాండుకున్న చక్రం తిప్పి బొమ్మను బయటికి లాగే డ్రిల్ రెండుసార్లు చేసినవాడికి మాత్రం కాళ్లు వాటంతటవే ఆగుతాయి. చేతులు స్టాండు వైపు వెళ్తాయి.

రోజూ పని మొదలయ్యే ముందు పది నిమిషాలు నిలబడి మాట్లాడుకునే టూల్‌బాక్స్ టాక్‌ని కూడా నేను శిక్షణలోనే లెక్కేస్తాను. దానికి ఖర్చే లేదు. సూపర్‌వైజర్ కాగితం చూసి చదివితే మాత్రం అది వృథా. "ఇవాళ మనం ఎక్కబోయే నిచ్చెన ఎలా ఉంది? ఎవరైనా చూశారా?" అని అడిగితేనే అది పనిచేస్తుంది.

శిక్షణకు హద్దు ఉందని కూడా చెప్పాలి. ప్రమాదాన్ని తగ్గించే దారుల్లో మొదటిది ఆ ప్రమాదం అసలు లేకుండా చేయడం, రెండోది తక్కువ ప్రమాదమున్న దాన్ని తెచ్చిపెట్టుకోవడం, మూడోది గార్డు, బారికేడ్, గాలి లాగే ఫ్యాన్ లాంటి ఏర్పాట్లు. శిక్షణ, నియమాలు నాలుగో మెట్టు మీద ఉంటాయి. హెల్మెట్, గ్లవ్స్ ఆఖరివి. గార్డు లేని రోలర్ పక్కన నిలబెట్టి "జాగ్రత్తగా ఉండు" అని వంద గంటలు చెప్పినా అది నేరమే అవుతుంది. "ట్రైనింగ్ ఇచ్చాం కదా, అయినా చెయ్యి పెట్టాడు" అన్న మాట నేను విన్నన్నిసార్లు ఎవరూ వినకూడదు.

సత్కారం

మూడింటిలో తక్కువ ఖర్చుతో మనుషుల్ని మార్చగలిగేది ఇదే. తప్పు చేతిలో పడితే ఎక్కువ హాని చేసేదీ ఇదే.

గేటు దగ్గర బోర్డు చూసే ఉంటారు: "ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు." ఆ అంకె ఇంత దాటితే అందరికీ బహుమతి. ఇప్పుడు వేలు నలిగినవాడి మనసులోకి వెళ్లి చూడండి. ఆస్పత్రికి వెళితే తనవల్ల రెండు వందల మందికి బహుమతి పోతుంది. అతను గుడ్డ చుట్టుకుని ఊరుకుంటాడు. వేలికి కట్టుతో ఉన్న మనిషిని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, "డ్యూటీకి వచ్చాడు కాబట్టి రోజు పోలేదు" అని రాసుకున్న చోటు నాకు తెలుసు. ఆ నెల బహుమతి అందరూ తీసుకున్నారు. అతను కూడా తీసుకున్నాడు, ఎడమ చేత్తో.

ఈ లెక్క పెద్ద పెద్దవాళ్లనే మోసం చేసింది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారం పేలి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. గాయాల రేటు తగ్గడాన్ని చూసి, దాన్ని నడిపిన బీపీ కంపెనీ తన ప్లాంటు క్షేమంగా ఉందని పొరబడిందని ఆ తర్వాత వేసిన బేకర్ కమిటీ తప్పుపట్టింది. 2010 ఏప్రిల్ 20న సముద్రంలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్ పేలి 11 మంది పోయారు. ఏడేళ్లుగా పనిదినం పోయే గాయం ఒక్కటీ లేదని సిబ్బందిని మెచ్చుకోవడానికి పెద్దలు రిగ్ మీదకు వచ్చింది ఆ రోజే. కాలు జారడం, వేలు తెగడం లెక్కపెట్టే బోర్డుకు బావి లోపల పెరుగుతున్న ప్రెషర్ తెలియదు.

ఆ బోర్డుకు కనిపించనిది మరొకటి ఉంది. పని వల్ల ఏటా 29 లక్షల 30 వేల మంది చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అంచనా వేసింది. అందులో ప్రమాదాల్లో పోయేది సుమారు 3 లక్షల 30 వేల మంది. మిగతా 26 లక్షల మంది పనితో వచ్చిన జబ్బులతో పోతున్నారు. ఊపిరితిత్తుల్లో ఇరవై ఏళ్లుగా దుమ్ము చేరుతున్న మనిషి బోర్డు మీద ఒక్క అంకెను కూడా మార్చడు.

మరి దేనికివ్వాలి? మనిషి చేసిన పనికివ్వాలి, జరగకుండా పోయిన దానికి కాదు. ఒక హెల్పర్ బరువు ఎత్తబోయే ముందు, దాన్ని క్రేన్‌కు తగిలించే స్లింగ్ పట్టీని వేళ్లతో తడుముతూ ఆగిపోయాడు. అంచు తెగి లోపలి ఎర్ర దారం బయటికి కనిపిస్తోంది. అది కనిపిస్తే ఆ స్లింగ్ ఇక పనికిరాదని అతనికి నేర్పారు. "ఎత్తొద్దు" అన్నాడు. కొత్త స్లింగ్ వచ్చేదాకా క్రేన్ ఖాళీగా నిలబడింది. సూపర్‌వైజర్ విసుక్కున్నాడు. మర్నాడు పొద్దున ప్లాంట్ హెడ్ అక్కడికే వచ్చి, "నిన్న మీరు చూసింది వీళ్లకి కూడా చూపించండి" అని అతన్ని అడిగాడు. శాలువా లేదు, ఫొటో లేదు. అతను ఆ పట్టీని అందరి చేతుల్లో పెట్టి ఎర్ర దారం ఎక్కడుందో చూపించాడు. ఆ వారంలో ఇంకో రెండు పాడైన స్లింగ్‌లు ఎవరూ అడగకుండానే బయటికి వచ్చాయి. నేను చూసిన సత్కారాల్లో దీన్ని మించింది లేదు. గమనించారా, ఆ హెల్పర్‌ని ఆపింది ముందు శిక్షణే. ఎర్ర దారం సంగతి తెలియనివాడికి ఏ అవార్డు ఆశ పెట్టినా ఏం చూస్తాడు?

ఆ అబ్బాయికి నేనిచ్చిన లెక్క

సగానికి పైగా డబ్బు, ముప్పావు వంతు గంటలు శిక్షణకు పెట్టమన్నాను. అదీ పని చేసే చోట, పది పన్నెండు మందికి మించకుండా, వాళ్లకు వచ్చిన భాషలో, రాత్రి షిఫ్ట్‌నూ కాంట్రాక్ట్ వాళ్లనూ ముందు వరుసలో పెట్టి. డబ్బులో మిగిలిన పెద్ద వాటా, నియర్ మిస్ చీటీల్లో, అంటే తృటిలో తప్పిన ప్రమాదాల గురించి కార్మికులు రాసిచ్చే చీటీల్లో, బయటపడ్డ లోపాలను సరిచేయడానికి ఉంచమన్నాను. చీటీ రాసినవాడి కళ్లముందే గార్డు బిగిస్తే అదే అతనికి బహుమతి. సభ ఏడాదికి ఒక్కటి, గంట చాలు. అందులో ప్రసంగాలు తీసేసి, ఏడాదిలో వచ్చిన చీటీలు, ఏది సరిచేశాం, ఏది చేయలేదు, ఎందుకు చేయలేదు అని యాజమాన్యం అందరి ముందూ చదవాలి.

గేటు దగ్గరి బోర్డుకు కట్టిన బహుమతి మాత్రం ఈ నెలలోనే ఆపించమన్నాను. ఆపితే మొదటి రెండు మూడు నెలలు చిన్న గాయాల లెక్క పెరుగుతుంది, ఎందుకంటే దాచినవి బయటికి వస్తాయి. అది చూసి పైవాళ్లకు టెన్షన్ పుడుతుంది, కొత్త సేఫ్టీ ఆఫీసర్ వచ్చాకే ప్రమాదాలు పెరిగాయంటారు. అందుకే లెక్క పెరగబోతోందని, పెరగడమే మంచిదని మొదలుపెట్టక ముందే వాళ్లకు రాతపూర్వకంగా ఇచ్చి, సంతకం తీసుకోమని చెప్పాను.