మట్టిపలకా, తోలుచుట్టా?

నేటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన నగరం నినెవేలోని అస్సీరియా రాజభవనపు గోడశిల్పాల్లో ఇద్దరు లేఖకులు పక్కపక్కనే నిలబడి, యుద్ధంలో దోచిన సొమ్ముకు లెక్క రాస్తుంటారు. ఒకరి చేతిలో పలక, మరొకరి చేతిలో తోలుచుట్ట.

మట్టిపలక మీద రాసేది అక్కాడియన్ భాష. తడి మట్టిలో రెల్లుపుల్ల మొన నొక్కితే మేకు ఆకారంలో గీత పడుతుంది. అలాంటి గీతలతో కూర్చిన గుర్తులు వందల్లో నేర్వాలి. పైగా మట్టి ఆరేలోపే రాసేయాలి. తోలు మీద సిరాతో రాసేది అరమాయిక్. 22 అక్షరాలే, చుట్టి చంకన పెట్టుకోవచ్చు. రోజువారీ పనికి నేనైతే తోలునే ఎంచుకునేవాణ్ణి.

క్రీ.పూ. 612లో శత్రువులు నినెవేను తగలబెట్టారు. తోలుచుట్టలు మిగల్లేదు. మట్టిపలకలు చాలావరకు కుండల్లా కాలి గట్టిపడ్డాయి. అస్సీరియా రాజు అషూర్‌బనిపాల్ గ్రంథాలయానివే 30,000కు పైగా పలకలు, ముక్కలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.