ఆటోనగర్‌లో పద్మిని కారుకి కార్బురేటర్ ఫ్లోట్ కొనేవాళ్లు జాగ్రత్త

నాకు ఫ్లోట్ (కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే చిన్న బోలు డబ్బా) అమ్మిన షాపు నుంచి ఇప్పుడే వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

బండి మా నాన్నగారిది, 1987 ప్రీమియర్ పద్మిని. కార్బురేటర్ పొంగుతోందని శనివారం తీసుకెళ్లాను. విజయవాడలో పాత ఫియట్ ఉన్నవాళ్లకి ఆ షాపు ఏదో చెప్పక్కర్లేదు. "ఫ్లోట్ పోయింది సార్, కంపెనీ పాత స్టాకు ఒక్కటే మిగిలింది, మీ అదృష్టం" అన్నాడు షాపతను. ఫ్లోట్, అది తేలినప్పుడు పెట్రోలు దారి మూసే నీడిల్ వాల్వ్ వేసి రూ.2,600 తీసుకున్నాడు. పాత ఫ్లోట్ ఇమ్మంటే పారేశామన్నాడు. అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు. బిల్లు కూడా అడగలేదు, నాదే తప్పు.

నిన్న మా ఆవిడ, పాపతో గుంటూరు బయల్దేరాను. వారధి దాటేదాకా బాగానే ఉంది. మంగళగిరి దాటగానే పెట్రోలు వాసన. కాజ టోల్‌గేట్ దగ్గర క్యూలో ఇంజన్ ఆగిపోయింది. బానెట్ ఎత్తితే కార్బురేటర్ మూత అంచు నుంచి పెట్రోలు చుక్క చుక్కగా కారుతోంది, కిందే సెగలు కక్కుతున్న పొగ గొట్టం, మానిఫోల్డ్. పాపని దింపి దూరంగా తీసుకెళ్లమని అరిచాను. ఒక్క నిప్పురవ్వ చాలు కదండీ.

చల్లారాక ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు కదులుతున్న చప్పుడు. బరువెక్కిన ఫ్లోట్ పైకి తేలదు, నీడిల్ మూసుకోదు, పంపు తోస్తూనే ఉంటుంది. గోరుతో గీకితే బంగారు రంగు పెయింటు లేచొచ్చింది. కింద పాత సోల్డర్ ముద్ద! అంటే అతుకేసిన పాత ఫ్లోట్‌కే రంగు పూసి అంటగట్టాడు.

ఈరోజు పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. ముట్టుకోలేదు కూడా. "మీరే నొక్కేసుంటారు" అన్నాడు. పక్క టీ కొట్టులో గ్లాసుడు వేడినీళ్లు తెచ్చి అతని ముందే ముంచాను. అతుకు దగ్గర నుంచి వరసగా బుడగలు. నలుగురూ చూశారు, అతనూ చూశాడు. చూసి ఏమన్నాడంటే, "బిల్లుందా నీ దగ్గర? ఆ డొక్కు బండిని తూకానికి అమ్ముకోపో." శనివారం సార్, మీరు. ఈరోజు నువ్వు. ఆ బండిలోనే మా నాన్నగారు నన్ను మొదటిసారి బడికి తీసుకెళ్లారు. నోట మాట రాలేదు నాకు.

కొనేవాళ్లు కౌంటర్ దగ్గరే వేడినీళ్లలో ముంచి చూడండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. సోల్డర్ వేసిన ఫ్లోట్ కారకపోయినా బరువు పెరిగి కాస్త మునుగుతుంది, బౌల్‌లో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలో, లెవెల్ పెరుగుతుంది. వాల్వ్ కింద వాషర్ మందం మార్చి లెవెల్ మళ్లీ చూసుకోవాల్సిందే. బిగించాక పది నిమిషాలు బానెట్ తెరిచి ఇంజన్ ఆడించి చూడండి. బిల్లు తీసుకోండి.

బండి ఇంకా మంగళగిరిలో మా తోడల్లుడి ఇంటి ముందే ఉంది. నా బండి సోలెక్స్ కార్బురేటర్‌కి అతుకు లేని ఫ్లోట్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, గుంటూరైనా వచ్చి తీసుకుంటాను.