కొబ్బరి నూనె ఎక్కడ గడ్డకడుతుంది: ఆరేళ్లుగా వాడుతున్న విస్కోమీటర్‌పై సమీక్ష

అనంతపురంలోని మా డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఆరేళ్లుగా ఒక డిజిటల్ విస్కోమీటర్ వాడుతున్నాం. ద్రవంలో తిరిగే స్పిండిల్‌పై పడే టార్క్‌ను, అంటే దాని తిరుగుడును అడ్డుకునే మెలి బలాన్ని, కొలిచి ఇది స్నిగ్ధతను (ద్రవం చిక్కదనాన్ని) చూపుతుంది. ద్రవాలు గడ్డకట్టే ఉష్ణోగ్రతను పట్టుకోవడానికే దీన్ని కొన్నాం కనుక ఆ పని గురించే రాస్తున్నాను.

మేము ఎక్కువగా పరీక్షించింది కొబ్బరి నూనెను. దాని ద్రవీభవన స్థానం 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. చలికాలంలో ఇక్కడి ఇళ్లలోనూ సీసాలో పేరుకుంటుంది. 40 డిగ్రీల నుంచి మెల్లగా చల్లబరుస్తూ, స్నిగ్ధత లాగరిథమ్‌కూ పరమ ఉష్ణోగ్రత విలోమానికీ గ్రాఫు గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది, అది హఠాత్తుగా పైకి విరిగిన చోట స్ఫటికాలు పుట్టినట్టు లెక్క. అయితే నూనె 24 దాటి ఇంకా చల్లబడ్డాకే ఆ విరుపు కనిపిస్తుంది, ఎందుకంటే స్ఫటికం మొదలయ్యేదాకా అది అతిశీతల ద్రవంగానే ఉండిపోతుంది. అందుకే తిరిగి వేడిచేస్తూ రెండో గ్రాఫు గీయని విద్యార్థి రికార్డుపై నేను సంతకం పెట్టను.

గ్రాఫు కన్నా నేను నమ్మేది వేగాన్ని మార్చి చూడటం. పూర్తిగా ద్రవంగా ఉన్న నూనెకు స్పిండిల్‌ను 20 ఆర్‌పీఎంలో తిప్పినా 60లో తిప్పినా స్నిగ్ధత ఒకటే. స్ఫటికాలు చేరాక తక్కువ వేగంలో విలువ ఎక్కువ చూపుతుంది. టార్క్ పరికరం కొలవగల గరిష్ఠంలో పది శాతం కన్నా తక్కువున్న రీడింగును మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు.

మొదటి ఏడాది మమ్మల్ని ఇది బాగా తప్పుదోవ పట్టించింది. నూనె గట్టిపడ్డాక విలువ ఒక్కసారిగా పడిపోతే మళ్లీ కరిగిందనుకున్నాం. నిజానికి స్పిండిల్ తన చుట్టూ గుంత తొలుచుకుని అందులో ఊరికే తిరుగుతోంది.

పరికరంలో అసలు లోపం ఉష్ణోగ్రత దగ్గరే ఉంది. సెన్సర్ నూనెలో కాక చుట్టూ ఉన్న నీటి గదిలో ఉండటంతో త్వరగా చల్లబరిస్తే డిగ్రీకి పైగా తేడా వస్తోంది. మేమే ఒక థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే సన్నని తీగల జతను) నూనెలోకి దించాం. మా బోరు నీళ్లు పోస్తే ఆ గదిలో సున్నపు పొర కట్టింది, ఇప్పుడు స్వేదనజలమే వాడుతున్నాం. నీటితోనే వేడెక్కే ఏర్పాటు కాబట్టి, 159 డిగ్రీలు దాటగానే వేడికి పలచబడాల్సింది పోయి చిక్కబడే ద్రవ గంధకాన్ని విద్యార్థులకు చూపించాలన్న నా కోరిక దీంతో తీరదు.